టికెట్టు కొన్న పెళ్లిచూపులు

"ఆంటీ, దయచేసి స్తూపం మీంచి దిగండి."

గౌరీశ్వరి ఆ మాట అనడం అదే మొదటిసారి కాదు. తొట్లకొండ మీద, ఏ కాలంలోనో బౌద్ధ భిక్షువులు పేర్చుకున్న ఇటుకల వరస మీద, చెప్పుల కాళ్లతో నిలబడి, వెనక సముద్రం పడేలా సెల్ఫీ కోసం తంటాలు పడుతోంది రోజారమణి.

"దిగుతాన్లేమ్మా. ఒక్క ఫొటోకి కొండ కూలిపోద్దేటి?"

"కొండ కూలదండీ. ఇటుక కూలుతుంది."

ఆవిడతో వచ్చిన మేనల్లుడు గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. పేరు జయంత్. తన చెప్పులు ఎప్పుడో విప్పేసి చేత్తో పట్టుకున్నాడు. వ్యాన్ దిగినప్పటి నుంచి గౌరీశ్వరి చెప్పే ప్రతి మాటా వింటూ, అందరూ నవ్వి ముందుకెళ్లిపోయాక తనొక్కడే వెనకబడి నవ్వుతున్నాడు. మనిషి మంచివాడే గానీ కొంచెం లేటు అనుకుంది గౌరీశ్వరి.

ఆమెది పెందుర్తి. హిస్టరీలో ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కోకుండా, ఆదివారాలు ఈ చిన్న టూర్ మొదలుపెట్టింది. పొద్దున్న తొట్లకొండ, మధ్యాహ్నం భీమిలిలో గంగాలమ్మ ఇంట్లో భోజనం, సాయంత్రం రుషికొండలో తెడ్డు వేసే చిన్న పడవల్లో కయాకింగ్. ఒక వ్యాను, ఆ వ్యానులో పట్టేంత మందే జనం. టూర్‌లో ఉన్నంతసేపూ ఆమె తెలుగు పుస్తకంలా ఉంటుంది. కోపమొస్తే మాత్రం 'చ' ఎగిరిపోయి 'స' దిగుతుంది. అందుకే కోపం రాకుండా చూసుకుంటుంది.

ఆ రోజు చూసుకోవడం కష్టంగానే ఉంది. వ్యానులో రోజారమణి సీటు ఆమె వెనకే.

"సొంతిల్లేనా అమ్మా మీది?"

"అవునండీ. కుడివైపు చూడండి, ఎర్రమట్టి దిబ్బలు..."

"ఎప్పుడూ ఇలాగే ఎండలో తిరుగుతావా? కమిలిపోవూ?"

"అలవాటేనండీ."

"వంటొచ్చా?"

"అత్తా!" అన్నాడు జయంత్, ఎర్రమట్టి దిబ్బల కంటే ఎర్రగా అయిపోయి.

కొందరు ప్రయాణికులు ఇంతే, అడిగితే గానీ వాళ్లకి పొద్దుపోదు అని సర్దిచెప్పుకుంది గౌరీశ్వరి.

గంగాలమ్మ పెరట్లో చాపలు పరిచి ఉన్నాయి. రాగుల చోడంబలి, ఎండురొయ్యల గోంగూర, కవ్వళ్ల చేపల పులుసు. పైన మబ్బు పట్టింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చుని మాటల్లేకుండా తింటున్నారు. చేతిలో గరిటె పట్టుకుని పులుసు వడ్డిస్తోంది గౌరీశ్వరి. అప్పుడు రోజారమణి ఫోన్ మోగింది. ఆవిడ చెయ్యి పులుసులో ఉంది. ఎడమచేత్తో స్పీకర్ నొక్కి ఫోన్ చాప మీద పెట్టింది.

"ఆఁ వదినా! సూసీసినాం. ఫొటోలో కన్నా ఎదురుగానే బాగుంది పిల్ల."

"నడకెలాగుందే?" అంది ఫోన్, పెరడంతా వినిపించేలా.

"నడకా? కొండని మేకపిల్లలా ఎక్కీసింది! రంగు కొంచెం తక్కువే, అది ఎండకిలే. నోరు మాత్రం పెద్దదొదినా. నన్ను పట్టుకుని గదిమేసిందనుకో!"

జయంత్ వంగి ఫోన్ కట్ చేశాడు. అప్పటికే ఆలస్యమైంది. ఎదురుగా ఉన్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు తినడం ఆపేశారు. హైదరాబాద్ నుంచి వచ్చిన జంట ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. గౌరీశ్వరి చేతిలో గరిటె నుంచి పులుసు బొట్లుబొట్లుగా చాప మీద పడుతోంది.

"ఎవర్ని సూసీసినారు?" అంది గౌరీశ్వరి.

రోజారమణి ఎడమచేత్తో కొంగు సర్దుకుంది.

"ఎవర్నండీ సూసీసినారు? నన్నేనా?"

"కోప్పడకమ్మా," అంది రోజారమణి. "మీ నాన్నగారికి తెలిసే..."

గరిటె గిన్నెలో పడేసి గౌరీశ్వరి వీధిలోకి వచ్చేసింది. ఫోన్ తీసి నాన్నకి కలిపింది. శ్రీరామ్మూర్తి ఎత్తగానే, "ఏటమ్మా, ఎలాగున్నాడు?" అన్నాడు హుషారుగా. ఆ హుషారుకి ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాన్నా, మీరే పంపించారా?"

"మరేటి సెయ్యమంటావు? ఇంటికొస్తామన్న ప్రతీవాళ్లనీ వద్దంటావు. టూర్‌కైతే కాదనవు కదా అని..."

"అది నా పని నాన్నా! నాను పని సేసుకుంటన్నాననుకున్నాను. పెళ్లిచూపుల్లో కూసున్నానని నాకే తెలీదు!"

ఫోన్ పెట్టేసింది. మొహం కడుక్కుని పెరట్లోకి వచ్చి, "ఇంకెవరికైనా పులుసు కావాలాండీ?" అంది పుస్తకం తెలుగులో. ఎవరూ వద్దనలేకపోయారు.

రుషికొండలో కయాక్‌కి ఇద్దరు కూర్చోవాలి. రోజారమణి ఒడ్డునే గొడుగు వేసుకుని కూర్చుండిపోయింది. మిగిలినవాళ్లంతా జంటలు కుదిరాక జయంత్ ఒక్కడూ మిగిలాడు. ఒంటరిగా మిగిలిన వాళ్లతో గైడ్ ఎక్కాలన్నది గౌరీశ్వరి తనే పెట్టుకున్న రూలు. ఆ రూల్ పెట్టిన రోజుని తిట్టుకుంటూ లైఫ్‌జాకెట్ బిగించుకుంది.

అలలు దాటాక చినుకులు మొదలయ్యాయి. ముందు జయంత్, వెనక ఆమె. అతను ఎడమ పక్కే తెడ్డు వేస్తున్నాడు. కయాక్ గుండ్రంగా తిరుగుతోంది.

"రెండు పక్కలా వెయ్యాలండీ."

"సారీ."

"దేనికి?"

అతను వెనక్కి తిరగబోయాడు. కయాక్ ఊగింది.

"తిరక్కండి! ముందుకి సూసే సెప్పండి. మీకు తెలుసా, తెలీదా?"

తెలీదంటాడనే అనుకుంది. అత్త లాక్కొచ్చిందనీ, తనకేం తెలీదనీ అంటే సగం కోపం తగ్గించుకుందామని కూడా అనుకుంది.

"తెలుసు," అన్నాడు జయంత్.

వాన కొంచెం పెరిగింది.

"తెలిసే వచ్చేరా!"

"ఇంట్లో కుర్చీలో కూచోబెట్టి చూడ్డం నాకు ఇష్టం లేదండీ. మీ పనిలో మీరెలా ఉంటారో అలా చూడొచ్చు కదా అనుకున్నాను. అదే మర్యాద అనుకున్నాను."

"ఎవరికి మర్యాద? మీరు టికెట్టు కొనుక్కుని ఒచ్చి పొద్దుట్నించీ నన్ను సూసేరు. నాను మిమ్మల్ని సూసేనా? జూలో పులిక్కూడా తెలుస్తాదండీ, జనం తన్ని సూడ్డానికే ఒచ్చేరని!"

అతని తెడ్డు ఆగిపోయింది. ముందుకే చూస్తూ అన్నాడు, "ఆటోనగర్‌లో నాకు లేతు షాపుంది. ఫిషింగ్ హార్బర్ బోట్లకి ప్రొపెల్లర్ తిప్పే షాఫ్టులు చేస్తాం. మీరూ రండి. ఎప్పుడొస్తారో నాకు చెప్పకండి. వచ్చి చూడండి."

"నాకేం అవసరం?"

"అవసరం లేదు. లెక్క సరిపోతుందని."

"తెడ్డెయ్యండి ముందు. తడిసి సస్తన్నాం."

అతను ఈసారి రెండు పక్కలా వేశాడు. కయాక్ తిన్నగా ఒడ్డుకి చేరింది.

ఇంట్లో ఆమె తండ్రితో మాటలు మానేసింది. తన అన్నం తను వడ్డించుకుంది, ఆయనది ఆయన వడ్డించుకున్నాడు. "అబ్బాయి మంచోడేనమ్మా," అని ఆయన గోడకి చెప్పుకున్నాడు. గోడ కూడా పలకలేదు.

ఆ సంబంధం సంగతి మర్చిపోగలననే అనుకుంది. కానీ తర్వాతి ఆదివారం తొట్లకొండ మీద, వర్షపు నీళ్లు పట్టుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల గురించి చెబుతూ, మధ్యలో మాట మర్చిపోయింది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకరు ఆమెనే చూస్తున్నాడు. ఈయన కొడుక్కా? పక్కనున్న కుర్రాడికా? చీర కొంగు కప్పుకున్న ఆవిడ ఫోన్లో ఎవరికి చెబుతోంది? నా నడక గురించా? చున్నీ సర్దుకుంది. మెట్లు దిగుతుంటే మేకపిల్ల గుర్తొచ్చి అడుగు మెల్లగా వేసింది.

ఇన్నాళ్లూ ఆ కొండ మీద ఆమె ఎలా నడుస్తోందో ఆమెకే తెలిసేది కాదు. అదే ఆమెకి ఇష్టమైన సంగతి. ఇప్పుడది పోయింది. ఆ మాట అతని మొహాన అనాలి. అనకపోతే ఈ కోపం తనలోనే ఉండిపోతుంది.

మర్నాడే ఆటోనగర్‌కి స్కూటీ మీద బయల్దేరింది.

షాపు బయటికే అరుపులు వినిపిస్తున్నాయి. గుమ్మం పక్కన ఆగింది. లోపల జయంత్ గ్రీజు చేతులతో ఒక బోటు ఓనర్ మీద గయ్యిమంటున్నాడు.

"సెప్పేను కాదా, ఈ షాఫ్టుకి పగులొచ్చింది! పైన పాలిష్ కొట్టి ఇమ్మంటావేటి?"

"ఈ ఒక్క వేటకేనయ్యా. ఒచ్చేక కొత్తది తీసుకుంటాను."

"ఒస్తే కదా తీసుకోడానికి! నడి సముద్రంలో ఇరిగితే నీ బోటుమీదోళ్లు ఈదుకుని రావాలేటి? ఇంకో షాపుకెల్తావా, ఎల్లు. ఎల్లే ముందు ఆళ్లందరికీ సెప్పి ఎల్లు, జయంత్ ఒద్దన్నాడని!"

ఓనర్ సణుక్కుంటూ షాఫ్టు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. జయంత్ అక్కసుకొద్దీ అక్కడున్న ఖాళీ డబ్బాని ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ వచ్చి గౌరీశ్వరి కాళ్ల దగ్గర ఆగింది.

అతను తలెత్తాడు. ముక్కు మీద గ్రీజు.

"ఎంతసేపయిందండీ వచ్చి?"

"చాలాసేపే."

"అంతా విన్నారా?"

"విన్నాను. నోరు పెద్దదే మీది."

ఆ మాటకి అతనికి నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. స్టూలు తుడవబోయాడు. గుడ్డకి ఉన్న గ్రీజంతా స్టూలుకి అంటుకుంది. ఆమె నిలబడే మాట్లాడింది.

"నాను కూసోడానికి రాలేదండీ. సెప్పడానికొచ్చాను. నిన్న నా కొండ మీద నాను సరిగ్గా నడవలేకపోయాను. ఎవరు టూర్‌కొచ్చారో, ఎవరు నన్ను సూడ్డానికొచ్చారో తెలీలేదు. నవ్వితే ఏటనుకుంటారో, అరిస్తే ఏటనుకుంటారో. మీరు మర్యాదనుకుని సేసిన పని అది. తెలిసిందా?"

జయంత్ చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. లేతు తిరుగుతుంటే వెళ్లి ఆపి వచ్చాడు.

"అది నాకు తట్టలేదు," అన్నాడు. "నాకెంత బాగుందో అదే చూసుకున్నాను. మీకెలా ఉంటుందో ఆలోచించలేదు. తప్పు మా అత్తది కాదు, నాదే."

అతను వాదిస్తాడని ఆమె దారి పొడవునా జవాబులు సిద్ధం చేసుకొచ్చింది. అవన్నీ వాడకుండానే మిగిలిపోయాయి. ఆ మిగలడం కూడా కోపంగానే ఉంది ఆమెకి.

"మీకు సంబంధం వద్దని మా ఇంట్లో చెప్పేస్తాను," అన్నాడు అతను.

"నా తరఫున మీరెందుకు సెప్తారండీ? నాను వద్దన్నానా?"

"మరి... ఔనన్నారా?"

"నన్నెవరైనా అడిగేరా, ఔనో కాదో అనడానికి?"

లేటుగా నవ్వే ఆ మనిషి ఈసారి లేటు చెయ్యలేదు. ఆ నవ్వు చూసి తనకీ నవ్వొస్తుందేమోనని భయపడి గౌరీశ్వరి వెంటనే స్కూటీ ఎక్కేసింది.

ఇంటికెళ్లి తండ్రి ఎదురుగా నిలబడింది. ఇన్నాళ్ల తర్వాత ఎదురుగా నిలబడేసరికి శ్రీరామ్మూర్తి చేతిలో పేపరు పక్కన పెట్టేశాడు.

"నాన్నా, ఇంకెప్పుడూ నాకు తెలీకుండా నా విషయంలో ఏదీ చెయ్యకండి."

"సెయ్యనమ్మా. తప్పయిపోయింది."

"అయితే రెడీ అవండి. మనం వాళ్లింటికెళ్తున్నాం. అబ్బాయిని సూడ్డానికి."

"మనం ఎల్లడమేటే! ఆళ్లు గదా రావాలి?"

"ఆళ్లొచ్చేసినారు కదా, వ్యానెక్కి. ఇప్పుడు మన వంతు. ఫోన్ సేసి సెప్పే ఎల్దాం. నాను మీలాగ కాదు."

జయంత్ ఇంట్లో హాల్లో సోఫాలో గౌరీశ్వరి, ఆమె తండ్రి కూర్చున్నారు. ఎదురుగా జయంత్ తల్లి, రోజారమణి. "ఇదెక్కడి చోద్యమో!" అని రోజారమణి ఉండబట్టలేక ఒకసారి అంది. అన్నాక గౌరీశ్వరి మొహం చూసి, తన నోరు తనే మూసుకుంది. లోపల్నుంచి జయంత్ ట్రేలో కాఫీలు పట్టుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. అడుగు వేసినప్పుడల్లా కప్పులు గలగలమన్నాయి.

గౌరీశ్వరి కాఫీ తీసుకుని అతన్ని తల నుంచి కాళ్లదాకా చూసింది. తీరిగ్గా, ఇష్టంగా. అతనికి చెవులు కాలిపోయాయి. అప్పుడు తలదించుకుని, "మీరు చెప్పింది నిజమేనండీ. ఇలా ఉంటుందని తెలీదు," అన్నాడు మెల్లగా.

"కాఫీ ఎవరు పెట్టారు?"

"నానే."

"బాగుంది."

కాఫీలయ్యాయి. ఖాళీ కప్పుల ట్రే ఒళ్లో పెట్టుకుని జయంత్ తల్లి పక్కన కూర్చున్నాడు. జయంత్ తల్లి ఇంక ఆగలేకపోయింది. "అమ్మా, మరి అబ్బాయి నచ్చినట్టేనా?"

గౌరీశ్వరి లేచి చున్నీ సర్దుకుంది. మర్యాదగా రెండు చేతులూ జోడించింది.

"ఇంటికెళ్లి కబురు చేస్తామండీ."

"అదేటి!" జయంత్ ట్రేతో సహా లేచి నిలబడిపోయాడు. "ఇంటికెల్లి సెప్పడమేటి! అప్పటిదాకా నాను ఎలా ఉండాలి? ఇదేం పద్ధతండీ!"

అతని మాటలో 'చ' పోయి 'స' దిగింది. గౌరీశ్వరి మొహం తిప్పుకుంది, పెదవి కొరుక్కుంటూ.

బయట వీధి మలుపు దగ్గర శ్రీరామ్మూర్తి బండి స్టార్ట్ చెయ్యబోతుంటే, "ఒక్క నిమిషం నాన్నా," అని ఫోన్ తీసింది. మొదటి రింగు పూర్తికాకముందే జయంత్ ఎత్తాడు.

"ఇంటికెళ్లేరా అప్పుడే?"

"ఎల్లలేదండీ. వీధి సివరే ఉన్నాం." ఆమె తండ్రికి కాస్త దూరంగా జరిగింది. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఫోన్లో వినబడుతుందేమో అనుకుంది. వినబడితే వినబడనీ అని కూడా అనుకుంది. "నాకు నచ్చేరు. నన్నిప్పుడడగండి."

"ఏటని?"

"సరిగ్గా అడగండి. నాను ఔనంటాను."