పర్లేదుకి ఎన్ని మార్కులు

"పర్లేదండి" అంది స్పీకరు. డాక్టర్ హైమవతి మీట నొక్కారు. "పర్లేదండి" అంది మళ్లీ. ఎన్నిసార్లు నొక్కినా అదే గొంతు, అదే మాట.

బల్ల మీద పడుకున్న నాగరత్నం గారి కుడి మోకాలికి తెల్లటి పట్టీ ఒకటి బిగించి ఉంది. మోకాల్లో ఉన్న చిప్‌ని ఆ పట్టీ చదువుతోంది. స్పీకర్లో మాట్లాడుతున్నదీ నాగరత్నం గారే. కాకపోతే అవి ఆపరేషన్ అయిన మొదటి రెండేళ్లలో గురువారం గురువారం ఫోన్లో ఆవిడ చెప్పిన జవాబులు. మొత్తం నూట మూడు.

"ఇంత మర్యాదస్తురాలినని నాకే తెలీదు సుమండీ" అన్నారు నాగరత్నం గారు, సీలింగు వైపు చూస్తూ.

ఈ మోకాలి సంగతి కాస్త చెప్పాలి. విసుక్కోకండి, నాకూ ఓపిక లేదు, త్వరగానే తేలుస్తాను. నాగరత్నం గారు ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఒక్క ఏళ్లు రావులపాలెం నుంచి అమలాపురానికీ, అమలాపురం నుంచి రావులపాలేనికీ నిలబడే తిరిగారు. రిటైరయ్యేసరికి మోకాలు అరిగి కూర్చుంది. అప్పుడు 'జానుమిత్ర' అనే కొత్తరకం మోకాలు వేశారు. పైన లోహం, కింద లోహం, మధ్యలో ప్లాస్టిక్ పలక, ఆ పలకలో బియ్యపుగింజంత చిప్. ఎంత బరువు పడిందో, ఎంత వంగిందో అది రాసుకుంటూ ఉంటుంది.

బరువు తెలుస్తుంది గానీ చిప్‌కి నొప్పి తెలీదు కదా. అందుకని దానికి తోడు 'కుశల' అని ఒక యంత్రం గొంతు పెట్టారు. ప్రతి గురువారం పొద్దున్న పదింటికి ఫోను రెండుసార్లు మోగి, దానంతటదే తెరుచుకుని, "ఈ వారం ఎలా ఉందండీ?" అని అడుగుతుంది. పేషెంటు చెప్పినా సరే, ఇంట్లోవాళ్లు చెప్పినా సరే, మొదట వినబడ్డ జవాబుకి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి రాసేసుకుంటుంది. ఓ వారం ఆవిడ స్నానానికి వెళితే భర్త సత్యానందం గారు చెప్పారు, అదీ రాసుకుంది. ఆయన మాత్రం ఏమంటాడు, పర్లేదనే అన్నాడు.

కుశలకి తెలుగు నేర్పింది ఈ హైమవతి గారే, ఆవిడ భాషాశాస్త్రంలో డాక్టరు. ఏ మాటకి ఎన్ని మార్కులో పట్టిక రాసి కంపెనీకి ఇచ్చి, యూనివర్సిటీ ఉద్యోగానికి వెళ్లిపోయారు. 'ప్రాణం పోతోంది'కి పది. 'సలుపుతోంది'కి ఐదు. 'బావుంది'కి సున్నా. 'పర్లేదు'కి కూడా సున్నా. పరవా లేదంటే చింత లేదని అర్థం, చింత లేదంటే నొప్పి లేనట్టే. లెక్క సరిగ్గానే ఉంది, మనుషులే సరిగ్గా లేరు.

కొన్నాళ్లకి జానుమిత్రలో లోపం బయటపడింది. ప్లాస్టిక్ పలక త్వరగా అరుగుతోంది, ఆ అరిగిన పొడి చుట్టూ ఉన్న ఎముకని తినేస్తోంది. కంపెనీ రీకాల్ ప్రకటించింది. మిక్సీని వెనక్కి ఇమ్మంటే సంచిలో వేసుకెళ్లి ఇచ్చేస్తాం, మోకాల్ని ఏం చేస్తాం? ఆపరేషనై మూడో ఏడు సగంలో ఉన్న నాగరత్నం గారికి ఎక్స్‌రే తీసి ఆస్పత్రి డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఆరు నెలల్లో మార్చకపోతే కొత్త మోకాలు పట్టుకోవడానికి ఎముక మిగలదు, ఆ తర్వాత చక్రాల కుర్చీయే.

ఆవిడ లాయరు ఇసాకు గారి దగ్గరికి వెళ్లారు. చంకల్లో వెలిసిపోయిన కోటు, నిదానమైన మనిషి. ఉన్న దారులు మూడని ఆయన చెప్పారు. ఒకటి, కంపెనీయే ఉచితంగా మోకాలు మారుస్తుంది, కానీ ఆపరేషనైన రెండేళ్లలోపు నొప్పి ఉన్నట్టు రికార్డులో ఉండాలి, పైగా ఇకమీదట ఏ దావా వెయ్యనని సంతకం పెట్టాలి. రెండు, ఒంటరిగా కాకినాడ ఇంప్లాంట్ ట్రిబ్యునల్‌కి వెళ్లడం. మూడు, అదే మోకాలున్న వాళ్లందరూ కలిసి వెళ్లడం. ఏ దారిన పోయినా తీసేసిన పాత మోకాల్ని మాత్రం కంపెనీకి ఇవ్వకూడదని, మన సాక్షి అదేనని గట్టిగా చెప్పారు.

మొదటి దారి రికార్డు తెరవగానే మూసుకుపోయింది. భర్త చెప్పినదీ కలిపి నూట నాలుగు సున్నాలు. ఆ బ్యాచ్ మోకాళ్లు నాలుగొందల పన్నెండు మందికి వేస్తే, రికార్డులో నొప్పి ఉన్నవాళ్లు తొమ్మిది మంది తేలారు. వాళ్లు పలకరించినవాణ్ణి కూర్చోబెట్టి మరీ కష్టం చెప్పుకునే రకమట. మిగతా నాలుగొందల ముగ్గురూ కలిసి ట్రిబ్యునల్‌కెక్కారు, ముందు నాగరత్నం గారి పేరు పెట్టుకుని. ఇసాకు గారు వెతుక్కుంటూ వెళ్లి హైమవతి గారిని సాక్ష్యానికి అడిగారు. పట్టిక రాసింది నేనే, తప్పకుండా వస్తానన్నారావిడ.

మొదట చెప్పాను చూడండి, ఆ బల్ల మీది పరీక్షలో గొంతునీ చిప్ లెక్కనీ పక్కపక్కన పెడితే తేలింది ఇదీ. మోకాలు బాగున్న వారాల్లో నాగరత్నం గారి 'పర్లేదండి' పొట్టిగా ఉంది. బరువంతా ఎడమకాలి మీద వేసి కుంటిన వారాల్లో 'లే' సాగింది. ఎంత కుంటితే అంత దీర్ఘం. నాలుగొందల మందిలోనూ అంతే.

ట్రిబ్యునల్లో కంపెనీ లాయరు పెద్దగా వాదించలేదు. రెండేళ్లలో ఒక్కసారైనా నొప్పి అన్నారా అని అడిగి కూర్చున్నాడు. ఎందుకు అనలేదమ్మా అని అధ్యక్షుడు అడిగాడు.

"ఎలా ఉన్నారని అడగ్గానే ఎవరైనా నొప్పులు ఏకరువు పెడతారాండీ?" అన్నారు నాగరత్నం గారు. "ముందు పర్లేదంటాం. అవతలివాళ్లు 'కాదు, నిజం చెప్పండి' అంటారు. అప్పుడు చెప్తాం. ఇది రెండోసారి అడగలేదండి. ధన్యవాదాలని పెట్టేసేది."

అధ్యక్షుడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత హైమవతి గారు దీర్ఘాల గ్రాఫు చూపించబోతే, ఆయన చెయ్యెత్తి ఆపాడు. మనిషి మనిషికీ దీర్ఘాలు కొలుచుకుంటూ కూర్చుంటే ఈ కేసు తేలేలోపు ఎముకలు పోతాయమ్మా, పర్లేదంటే నొప్పా, కాదా, ఒక్క ముక్కలో చెప్పండి అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పే మాట కాదని ఆవిడకి తెలుసు. ఆ అబద్ధం ఆవిడ ఇదివరకే ఓసారి పట్టికలో రాసి చూశారు. ఇసాకు గారి వైపు చూశారు. ఆయన నాగరత్నం గారి మోకాలి వైపు చూశారు.

"నొప్పేనండి" అన్నారు హైమవతి గారు. "ఆరు మార్కులు వెయ్యొచ్చు."

అలా గెలిచారు, పట్టికలో 'పర్లేదు'కి ఆరు పడింది. తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది, అప్పుడు అందరం మెచ్చుకున్నదే. ఇకమీదట ఏ మోకాలికైనా సగానికి మించి పేషెంట్లు వరసగా ఎనిమిది వారాలు ఐదు దాటి చెబితే, కంపెనీ దయ కోసం చూడక్కర్లేదు, రీకాల్ దానంతటదే జరిగిపోతుంది. నాలుగొందల ముగ్గురికీ కొత్త మోకాళ్లు వేశారు. పాతవి సీలు వేసిన డబ్బాల్లో ఇసాకు గారి బీరువాలోకి వెళ్లాయి.

కొత్త మోకాలు బంగారం. కాలు మడిచి పీట మీద కూర్చుని నాగరత్నం గారు ఎన్నాళ్లకో కూరలు తరుక్కున్నారు. కుశల గురువారం గురువారం అడుగుతూనే ఉంది. ఆవిడా చెబుతూనే ఉంది. ఏం చెప్పిందో మీకు వేరే చెప్పాలా! ఆవిడే కాదు, నాలుగొందల చిల్లర మందీ అదే చెప్పారు. ఆరు, ఆరు, ఆరు. తొమ్మిదో వారం ఇంటికి నోటీసొచ్చింది. మీ మోకాలు రీకాల్ అయినది, తీయించుకొనగలరు.

నాగరత్నం గారు నోటీసు పట్టుకుని ఏడ్చేశారు. ఉన్న ఎముక ఇంకో ఆపరేషన్ తట్టుకోదని డాక్టరు ముందే చెప్పాడు. తీయించుకోకపోతే, రీకాలైన మోకాలు కాబట్టి రేపు ఏమైనా ఏ ఆస్పత్రీ చెయ్యి వెయ్యదు. పట్టిక మార్చాలంటే ట్రిబ్యునలే మార్చాలి, ట్రిబ్యునల్‌కి వేసవి సెలవులు. నోటీసు అడుగున సన్నక్షరాల్లో ఇసాకు గారికి ఒక్క దారి కనబడింది. వచ్చే గురువారం పిలుపులో సున్నా వస్తే ఆ పేషెంటు వరకూ మినహాయింపు ఉంటుందట.

"అంటే ఏమనాలండీ?"

"బావుందనాలమ్మా."

"మన నోటితో మనమే బావుందనుకుంటే దిష్టి కదండీ" అన్నారావిడ. అయినా నేర్చుకోక తప్పుతుందా.

గురువారం తొమ్మిదిన్నరకే ఇసాకు గారు వాళ్లింటికి వచ్చి, పది సార్లు అనిపించారు. మూడుసార్లు పర్లేదనే వచ్చింది. ఏడుసార్లు బావుందొచ్చింది. అనే ముందు ప్రతిసారీ ఆవిడ బల్ల చెక్క ముట్టుకున్నారు.

పదవుతుండగా హైమవతి గారు దిగారు. సోమవారం నుంచీ ఆవిడది అదే పని, ఊరూరూ తిరిగి పేషెంట్ల చేత బావుందనిపించడం. కళ్లు లోతుకి పోయాయి, చీర కుచ్చిళ్లకి మట్టి. వాకిట్లో మెట్టు మీదే కూలబడ్డారు.

గుమ్మం పక్కనే బల్ల మీద ఫోను ఒకసారి మోగింది. మజ్జిగ గ్లాసు పట్టుకుని బయటికొస్తున్న నాగరత్నం గారు ఆ మొహం చూసి ఆగిపోయారు. ఇంటికొచ్చిన మనిషి తర్వాతే కదా ఫోనైనా, మోకాలైనా. "అదేంటండీ, మనిషి అంత నలిగిపోయారు! ఎలా ఉంది ఒంట్లో?" అన్నారు.

ఫోను రెండోసారి మోగి తెరుచుకుంది. "ఈ వారం ఎలా ఉందండీ?" అంది కుశల.

అడిగింది ఎవరో చూసుకునే ఓపిక హైమవతి గారికి లేదు.

"పర్లే...దండి" అన్నారు.

"ఆరు. రాసుకున్నాను. ధన్యవాదాలు" అని కుశల పెట్టేసింది.

ఇసాకు గారు పెన్నుకి మూత పెట్టుకున్నారు. హైమవతి గారు రెండు చేతుల్తో నోరు మూసుకున్నారు. నాగరత్నం గారు ఫోను వైపు ఓసారి చూసి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, ఆ బంగారం లాంటి మోకాల్ని మెల్లగా వంచి పక్కనే మెట్టు మీద కూర్చున్నారు.

"కాదు, నిజం చెప్పండి" అన్నారు. "ఎలా ఉంది?"