ఒక దెబ్బకు ఆపాల

మొండితనంలో క్రాంతి కుమార్‌ను మించినవాడు ఆ ఊళ్ళో లేడు. వద్దన్న పని ముందు చేస్తాడు, ఎందుకు వద్దన్నారో తర్వాత కనుక్కుంటాడు. కల్లూరులో నాగసుబ్బయ్య శెట్టి పాత ఇనుము అంగట్లో ఆ క్యారియర్ చూసినప్పుడూ అంతే.

జీపు టాపు మీద సామాన్లు కట్టుకునే ఇనుప క్యారియర్ అది. ఎన్నో ఏళ్ళు ఎండకు ఎండి, వానకు తడిసి, ఎర్రగా తుప్పు పట్టి గోడకు ఆనించి ఉంది. క్రాంతికి సరిగ్గా అలాంటిదే కావాలి. గండికోటలో టెంట్లు వేసుకుని ఉండటానికి పోయే పట్నం పిల్లల్ని తన ఫోర్ వీల్ జీపులో తిప్పుతాడు. టెంట్లు, నీళ్ళ క్యాన్లు పైన కట్టే వీల్లేక వచ్చిన బేరాలు వచ్చినట్టే పోతున్నాయి.

“యాడిది శెట్టీ ఇది?”

“మిరప కోతకు కూలోళ్ళను తోలే జీపుది. లోపల నిండితే పైన కూచోబెట్టేవాళ్ళంట. ఆ జీపు పైనోళ్ళతో సహా నందికొట్కూరు దారి కాలవలో పడినంక ముక్కలు చేసి అమ్మినారు. ఇద్దరు దీన్ని కొనుక్కపోయి, మళ్ళీ తెచ్చి ఈడ్నే పడేసిపోయినారు. నేనైతే వద్దంటాప్పా.”

అమ్ముకునేవాడే వద్దంటుంటే ఇంకొకడైతే ఆలోచించేవాడు. క్రాంతి మాత్రం “ఇనుము మంచిదే కదా” అని ట్రాలీ ఆటో పిలిచాడు.

కర్నూలుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో, నందికొట్కూరు వైపు వాళ్ళ ఊరు. ఇంటి వసారాలో రెండు ఇటుక దిమ్మల మీద క్యారియర్ పెట్టి వైరు బ్రష్షుతో రుద్దాడు, ఎమిరీ పేపరు పట్టాడు. రెండు రోజులకు తుప్పంతా రాలిపోయి ఇనుము బయటపడింది. పక్క పైపు మీద పదకొండు చోట్ల మాత్రం మొదటినుంచీ తుప్పే లేదు. అరచేయి వెడల్పున నున్నగా అరిగి ఉంది. పైన కూచున్నవాళ్ళు పట్టుకుని పట్టుకుని అరగదీసిన చోట్లు. రెడ్ ఆక్సైడ్ పూస్తే అక్కడ నిలవలేదు. తెల్లారేసరికి ఆ పదకొండు చోట్లా తడి చేరి రంగు కారిపోయింది. మళ్ళీ పూశాడు. మళ్ళీ కారింది. పైన నల్లరంగు దట్టంగా కొట్టి చేతులు దులుపుకున్నాడు.

అతని భార్య కృపారాణికి ఉబ్బసం. “ఆ టిన్నరు వాసన నాకు పడదప్పా. చేను కాడ వేసుకోరాదా?” అని రంగు కలిపిన మొదటిరోజే అడిగింది.

“ఆడ గాలికి దుమ్ము అంటుకుంటాది మే. రెండు దినాలు ఓర్చుకో.”

ఆ మాట తర్వాత అతణ్ణి లోపల్నుంచి కొరుక్కు తిన్నది. కానీ అన్న రోజున ఏమీ అనిపించలేదు. శనివారం బేరం ఉంది, అంతే.

శుక్రవారం సాయంత్రం పక్కింటి దేవేంద్రప్ప సాయంతో క్యారియర్‌ను టాపు మీదికి ఎత్తాడు. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేసి, క్లాంపులు పెట్టి, ఎనిమిది బోల్టులు బిగించాడు. దేవేంద్రప్ప ఇంటికి పోయాక చూస్తే జీపు వెనక భాగం బెత్తెడు కుంగి ఉంది. ఖాళీ క్యారియర్‌కు అంత బరువెక్కడిది? స్ప్రింగులు పాతబడినాయిలే అనుకుని, చప్పుడేమైనా వస్తుందేమో చూద్దామని లోపల కూచుని ఇంజను స్టార్టు చేశాడు.

పైనుంచి రెండు దెబ్బలు పడ్డాయి. దబ్… దబ్.

“రైట్” అన్నాడు క్రాంతి.

అని నోరు మూసుకున్నాడు. పదేళ్ళు జీపుల మీద క్లీనరుగా బతికిన ఒళ్ళు అది. టాపు మీద ఒక దెబ్బ కొడితే ఆపాల, రెండు కొడితే పోవాల. ఆ చప్పుడు వింటే నోరూ కాలూ బుద్ధిని అడగవు. కిందికి దిగి చూశాడు. పైన ఎవరూ లేరు. నల్లరంగు మీద పదకొండు తడి మచ్చలు.

అప్పుడే ఇంట్లో గిన్నె పడిన చప్పుడైంది.

కృపారాణి గడప పట్టుకుని ఒంగి ఉంది. ఛాతీలో పిల్లికూతలు వాకిట్లోకి వినిపిస్తున్నాయి. ఇన్హేలర్ నొక్కుతోంది, అది ఖాళీ. పెదాలు నల్లబడుతున్నాయి. అంబులెన్సు వచ్చేదాకా ఆగే ఓపిక క్రాంతికి లేదు. ఎత్తుకుని ముందు సీట్లో కూచోబెట్టి జీపు కదిలించాడు. అరగంటలో కర్నూలు ఆసుపత్రి చేరితే చాలు, గండం గడుస్తుంది.

కాలవ గట్టు రోడ్డెక్కేసరికి పొద్దుగూకింది. నీళ్ళు చప్పుడు లేకుండా పారుతున్నాయి. జీపులో పెయింటు వాసన తగ్గి పాచి వాసన మొదలైంది. కాలవ అడుగున ఉండే బురద వాసన.

దబ్.

ఒకటే దెబ్బ. కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది. రోడ్డు మీద మనిషి లేడు. వెనక భాగం మెల్లగా కుంగింది… ఎవరో ఎక్కినట్టు. తర్వాత రెండు దెబ్బలు.

“ఎవరప్పా… పైన?” కృపారాణి గొంతు గుసగుసలా వచ్చింది.

“ఎవరూ లేరు మే. నువ్వు మాట్లాడద్దు.”

అర కిలోమీటరు పోగానే మళ్ళీ ఒక దెబ్బ. మొండోడు కదా, ఈసారి ఆపలేదు. రేకు అదిరేలా ఇంకోటి పడింది. పక్కన పిల్లికూతలు ఆగిపోయాయి. కృపారాణి నోరు తెరిచే ఉంది, గాలి లోపలికి పోవటం లేదు. నీళ్ళలో మునిగే మనిషిలా రెండు చేతులూ ఆడించింది. క్రాంతి బ్రేకు తొక్కాడు. జీపు ఆగగానే ఆమెకు ఊపిరి తిరిగింది. వెనక భాగం ఇంకొంచెం కుంగింది.

అప్పుడు అర్థమైంది అతనికి. ఆపకపోతే ఊపిరి ఆగుతుంది. ఆపితే ఊపిరి వస్తుంది, పొద్దు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్పానరు తీసుకుని దిగాడు. గంట ముందు తన చేత్తో బిగించిన బోల్టులు. ఒక్కటీ కదల్లేదు. చేతి మీద చల్లగా నీళ్ళు కారుతున్నాయి… వాన లేదు, మంచు లేదు.

“ప్రభువా” అని లోపల కృపారాణి గొణుగుతోంది. “ప్రభువా… ప్రభువా.”

పదకొండు సార్లు ఆపాడు. ప్రతిసారీ జీపు కుంగింది. ప్రతిసారీ రెండు దెబ్బలు పడేదాకా ఏడుస్తూ కాచుకున్నాడు. చివరికి యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా బండి ఎద్దుల బండిలా నడిచింది. అరగంట దారికి రెండు గంటలు పట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె కనురెప్పలెత్తి చూసి, క్రాంతి భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంకొంచెం ముందు తెచ్చింటే బాగుండు.”

కృపారాణి తమ్ముడు యేసుప్రసాద్ కర్నూలులోనే ఉంటాడు. వాడొచ్చి, ఏడ్చి, పొద్దున సమాధి పని ఉందని ఇంకో బండి కోసం చూడకుండా అక్కను ఈ జీపులోనే వెనక పడుకోబెట్టాడు. దుప్పటి కప్పి పక్కనే కూచున్నాడు. వద్దని చెప్పే శక్తి క్రాంతికి లేదు. ఇక పోయేదేముంది అనుకున్నాడు. స్టీరింగు పట్టుకుని కూచున్నాడే గానీ రోడ్డు కళ్ళకు కనబడటం లేదు.

కాలవ గట్టు మీదికి వచ్చారు.

పైనుంచి ఒక దెబ్బ పడింది. మెత్తగా… గాజుల చప్పుడుతో.

క్రాంతి ఆపాడు.

“ఏమైంది బావా?” అన్నాడు యేసుప్రసాద్. వాడికి ఏమీ వినిపించలేదు.

జీపు వెనక భాగం కొంచెం లేచింది. కాలవలో నీళ్ళు బుడుంగుమన్నాయి. ఇంకొంచెం లేచింది. మళ్ళీ బుడుంగుమన్నాయి. క్రాంతి లెక్కపెట్టాడు. పదకొండు. ఎక్కినవాళ్ళంతా దిగిపోయారు. ఇక రెండు దెబ్బలు పడాలి. చెవులు రిక్కించి కూచున్నాడు.

“బావా, పోనీ.”

“ఆగు. ఇంకా చెప్పలేదు.”

“ఎవరు చెప్పాల?”

నెత్తి మీద, రేకుకు అవతల, పిల్లికూతలు మొదలయ్యాయి. పన్నెండేళ్ళ కాపురంలో ప్రతి చలికాలం పక్కలో విన్న ఊపిరి అది. క్రాంతికి భయం వేయలేదు. అది ఆగిపోతుందేమోనని మాత్రం ఇంజను ఆపి విన్నాడు.

వెనక నుంచి యేసుప్రసాద్ గొంతు సన్నగా వచ్చింది. “బావా… దుప్పటి తడిసిపోయినాది. కింద అక్క లేదు.”

క్రాంతి వెనక్కి తిరగలేదు. నెత్తి మీద టాపు రేకు మెల్లగా లోపలికి కుంగింది. కాసేపు అట్లే ఉండి, మెల్లగా పైకి లేచింది. మళ్ళీ కుంగింది.