పేచీ డబ్బాలో ‘కంపెనీ’

“రొట్టె ముక్కకీ, కంపెనీకీ సంబంధం ఏమిటండీ?” అన్నాడతను కార్డుని వేలితో తడుతూ.

“అసలు సంబంధమే అది!” అంది కొత్తమ్మాయి. “లాటిన్‌లో ‘కోమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్ళు కంపానియన్లు. వాళ్ళంతా ఒకచోట చేరితే కంపెనీ. తర్వాత సైనికుల దళం, ఆ తర్వాతెప్పుడో వ్యాపారం. కాబట్టి మొదటి అర్థం ‘తోడు’ అనే వెయ్యాలి.”

“మన నిఘంటువు కొనేవాడికి రొట్టెతో పనేమిటి? వాడికి ఉద్యోగం వచ్చిన కంపెనీ కావాలి. ‘వ్యాపార సంస్థ’ మొదట.”

“‘కాసేపు కంపెనీ ఇవ్వవే’ అంటుంది మా ఫ్రెండు. అప్పుడు నేను దానికి షేర్లు పంచాలా?”

పక్క బల్లల వాళ్ళు నవ్వాపుకోలేక దగ్గారు. ఉద్యోగంలో చేరి ఇంకా గంటన్నా కాలేదు, అప్పుడే నోరు చూడు అనుకున్నాడతను. కళ్ళు కూడా చూశాడు లెండి. అది మాత్రం పైకి ఒప్పుకోలేదు.

ఆ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో ఒక పద్ధతుంది. ప్రతి మాటనీ ఇద్దరు చూడాలి. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితేనే ఆ కార్డు అచ్చుకి వెళుతుంది. కుదరకపోతే పాత బిస్కెట్ల డబ్బాలో పడుతుంది. దాన్ని పేచీ డబ్బా అంటారు. సంపాదకుడైన పెద్దాయన కూడా అందులో వేలు పెట్టడు. మన కథానాయకుడి పుణ్యమా అని ఆ డబ్బా ఎప్పుడూ ఖాళీగా ఉండదు కనుక, అందరూ అతన్ని పేచీబాబు అని పిలుస్తారు.

‘కంపెనీ’ కార్డు ఆ రోజే డబ్బాలో పడింది.

కొత్తమ్మాయిని ‘సి’ అక్షరం పూర్తయ్యేవరకే తీసుకున్నారు. బ్యాంకు ఉద్యోగం కాదనుకుని ఇక్కడికొచ్చానని, అందుకు వాళ్ళమ్మ ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదని ఒకరోజు టీ తాగుతూ చెప్పింది.

“మాటలంటే అంత పిచ్చా?” అన్నాడు పేచీబాబు.

“మీకు లేదా మరి? అర్థం మార్చమంటే ఆస్తి రాసివ్వమన్నట్టు చూస్తారు!”

ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. ఆమె కిటికీ దగ్గరికెళ్ళి, “‘క్లౌడ్’ అంటే పాత ఇంగ్లీషులో రాతిగుట్ట, తెలుసా? చూడండి, ఆ రాళ్ళు ఎలా కరిగి కారిపోతున్నాయో!” అంది. చేయి బయటికి చాపి, తడిసిన వేళ్ళు అతని మీద విదిలించింది. చుక్కలు కళ్ళజోడు మీద పడ్డాయి. అతను తుడుచుకోలేదు. తుడుచుకోవాలన్న సంగతే గుర్తు రాలేదు పాపం.

‘క్లౌడ్’ కార్డు మీద మారు మాట్లాడకుండా సంతకం పెట్టేశాడు. ఆఫీసంతా నోరెళ్ళబెట్టింది.

అలా ‘సి’ మాటలన్నీ ఒక్కొక్కటే అచ్చుకెళ్ళిపోయాయి. డబ్బాలో ‘కంపెనీ’ ఒక్కటే మిగిలింది. దాన్ని మాత్రం పేచీబాబు వదల్లేదు. ఆమె పాత వాక్యాలు వెతికి తెచ్చింది, తేదీలు చూపించింది, చివరికి బతిమాలింది. “ఆలోచించాలండీ” అంటాడే తప్ప కలం తీయడు.

ఆ సాయంత్రం వంటింట్లో తన తెలివితేటలు వదినకి గర్వంగా చెప్పుకున్నాడు. “నేను సంతకం పెట్టనంతకాలం ‘సి’ అవదు. ‘సి’ అవనంతకాలం ఆ అమ్మాయి ఎక్కడికీ పోదు. ఎలా ఉంది?”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ పిల్ల ఏమనుకుంటోందో ఎప్పుడైనా ఆలోచించావా మరిదీ?”

“ఏమనుకుంటుంది?”

“తనకి పని రాదని నువ్వు తేల్చేశావనుకుంటుంది. నీకు ఇష్టమైతే ఆ ముక్క చెప్పాలి గానీ, పని ఆపుతారా ఎవరైనా?”

మర్నాడు చెప్పేద్దామని గబగబా ఆఫీసుకి వెళ్ళాడు. అప్పటికే పెద్దాయన ఆమెని తన గదిలోకి పిలిచాడు. ఇతన్నీ రమ్మన్నాడు.

“‘డి’ కూడా నీకే ఇద్దామనుకున్నానమ్మా,” అంటున్నాడు పెద్దాయన. “కానీ ఒక్క మాట దగ్గర ఇన్నాళ్ళు ఆగిపోతే పని సాగదు కదా. ఇక్కడ ఇద్దరికీ పొసగాలి. వేరే మనిషిని చూసుకుంటాను. ఏమీ అనుకోకు.”

ఆమె తలవంచుకుంది. ఎప్పుడూ గలగల్లాడే మనిషి “సరే సార్” అని మాత్రం అంది. పేచీబాబు గబుక్కున ముందుకొచ్చాడు.

“సార్, తప్పు నాది! ‘తోడు’ అనే ముందుండాలి. ఈవిడ చెప్పిందే రైటు.”

“ఎప్పుడు తెలిసింది నీకా సంగతి?”

“ఈవిడ చేరిన రోజే సార్. మధ్యాహ్నానికి.”

ఆమె తలెత్తింది. “మరి ఎందుకండీ నన్నింత ఏడిపించారు?”

“ఒప్పుకుంటే ‘సి’ అయిపోతుంది. అయిపోతే మీరు వెళ్ళిపోతారు. మీరు వెళ్ళిపోతే నాకు ఇక్కడ ఊపిరాడదు. మీరంటే నాకు చాలా ఇష్టం.”

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “నేను టీ తాగొస్తాను” అంటూ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు దగ్గరగా వేశాడు.

“నన్ను ఉంచెయ్యడానికి నా ఉద్యోగం ఊడగొట్టారన్నమాట!” అంది ఆమె. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఉద్యోగం పోతే అమ్మకి ఏం చెప్పాలా అని రాత్రంతా నిద్రపోలేదు, తెలుసా? మీలాంటివాళ్ళు కాదన్నారంటే నాకు నిజంగానే ఈ పని రాదేమో అనుకున్నాను.”

“క్షమించండి. నాకంటే మీకే బాగా వచ్చు. అది కూడా మొదటిరోజే తెలుసు.”

“అన్నీ మొదటిరోజే తెలుసు మహానుభావుడికి!” చున్నీతో కళ్ళు తుడుచుకుంది. “ఉండమని ఒక్కసారి అడిగితే ఉండేదాన్ని కదా. ఈ ఆఫీసులో కాకపోతే ఇంకెక్కడైనా మీకు కనిపిస్తూ ఉండేదాన్ని. అడగొచ్చు కదా, పిచ్చి మొహమా!”

అతనికి మతి పోయింది. తిట్టింది. అయినా ఎంత బాగుందో!

“ఇప్పుడు అడగొచ్చా?”

“అడుగు.”

“నాతో ఉండిపోతావా?”

ఆమె జవాబు చెప్పకుండా అతని జేబులోని కలం తీసి చేతిలో పెట్టింది. “ముందు బయటికెళ్ళి ఆ సంతకం పెట్టు. నా ఉద్యోగం నాకు కావాలి. ఆ తర్వాత చెబుతాను.”

“చెప్పకపోతే?”

“చెప్పనని ఎవరన్నారు? ఊఁ అన్నట్టే అనుకో.”

అప్పుడు తలుపు అవతలి నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. “అమ్మాయ్, నా టీ ఎప్పుడో అయిపోయింది. ‘డి’ కార్డులు కూడా తెచ్చాను. చేతులు లాగేస్తున్నాయి, లోపలికి రానిస్తారా?”