వెనక బల్ల

పొద్దున్నే కుట్టుమిషన్ దడదడలాడుతోంది. అమ్మకి కోపమొస్తే మిషన్ జోరు పెరుగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. కూతురి పెళ్ళిబట్టలకి అంచు కుడుతూ, మొగుడి వైపు చూడకుండానే సాధిస్తోంది.

"ఆదివారం మందిరంలో లేచి నమ్ముతున్నానని ప్రమాణం చేస్తే మీ సొమ్మేం పోయింది? విశ్వాసి కానివాడు పెళ్ళికూతుర్ని వేదిక దాకా చేయి పట్టి తీసుకెళ్ళకూడదు. అది మా మందిరం పద్ధతి."

నాన్న కరెంటు పనివాడు. మందిరంలో ఫ్యాను ఆగినా, దీపం ఆరినా ఆయన్నే పిలుస్తారు. ప్రార్థనప్పుడు మాత్రం చెప్పుల అరల పక్కన, ప్రమాణం చెయ్యని అతిథులకి వేసిన వెనక బల్ల మీద కూర్చుంటాడు. అమ్మది ముందు వరుస. పెళ్ళయిన నాటి నుంచీ అంతే.

కూతురు నిరుడే ప్రమాణం చేసింది. అయినా విశ్వాసి అన్న మాట సంగతి ఇంకా తేలలేదు తనకి.

"విశ్వాసి అంటే అసలు ఎవరమ్మా?"

"నమ్ముతున్నానని అందరి ముందూ చెప్పినవాడు."

"నమ్మకుండా చెబితే?"

మిషన్ ఆగింది.

"నాకు నమ్మకం కుదరలేదురా తల్లీ," అన్నాడు నాన్న. "అక్కడ నిలబడి అబద్ధమాడలేను. మామయ్య తీసుకెళ్తాడులే. నేను వెనక నుంచి చూస్తాను." పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. గబగబా పనికి వెళ్ళిపోయాడు.

"కూతురికన్నా పంతమే ఎక్కువైంది," అంది అమ్మ.

"అబద్ధమాడితే విశ్వాసి, నిజం చెబితే అతిథి. ఇదెక్కడి లెక్కమ్మా?" ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

అమ్మ దారం కొస వేలికి చుట్టుకుంది. "ఏమో. మా అమ్మ చెప్పింది, నేను పట్టుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "నీ నమ్మకానికి అడ్డురానని పెళ్ళికి ముందు మాటిచ్చారు మీ నాన్న. జడివానలో కూడా నన్ను ప్రార్థనకి దింపారు. ఆ మాట ఏనాడూ తప్పలేదు."

పెళ్ళిరోజు మందిరం నిండిపోయింది. ముందు వరుసలో అమ్మ చోటు ఖాళీ. మందిరం పెద్దాయన ఆమెని వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. అమ్మ చెప్పుల అరల పక్కన, నాన్నని ఆనుకుని కూర్చుని ఉంది.

"సోదరీ, మీ చోటు ముందుంది కదా?"

"ఇవాళ మా ఆయన పక్కనేనండీ నా చోటు."

గుమ్మంలో నిలబడ్డ కూతురు మామయ్య చేయి వదిలి వచ్చింది. "అయ్యగారూ, అతిథి పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళకూడదు, సరే. విశ్వాసి అతిథిని తీసుకెళ్ళొచ్చా?"

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా," అని నెమ్మదిగా పక్కకి తప్పుకున్నాడు.

కూతురు చేయి చాపింది. నాన్న లేవలేకపోయాడు, నీళ్ళు నిండిన కళ్ళకి ఏమీ ఆనడం లేదు. అమ్మ ఆయన మోచేయి పట్టి లేపింది.