ఎరుకతెర

సుభాషిణి పిల్లలకి ఆన్‌లైన్‌లో చెప్పే పాఠం మొదలయ్యే వేళకి ఆమె భర్త విఠల్ భోజనాల బల్ల మీద ఆమె లాప్‌టాప్ విప్పదీసుకుని కూర్చున్నాడు. పగిలిన తెర చుట్టూ ఉన్న చట్రాన్ని పల్చటి ప్లాస్టిక్ రేకుతో ఊడదీశాడు. మరలు తీసి, వెనకనున్న పట్టీలాంటి తీగను జాగ్రత్తగా తప్పించి, కొత్త తెరకి తగిలించాడు.

"కంపెనీవాళ్ళకే ఇద్దామండీ. పాత తెర నేర్చుకున్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాలంటే వారం పడుతుందన్నారు," అంది సుభాషిణి.

"అదేమన్నా బ్రహ్మవిద్యా? వాడుతుంటే అదే నేర్చుకుంటుంది."

ఆ కాలంలో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు లేరు. ప్రతి పరికరానికీ ఎరుకతెర ఉండేది. ఎదుట కూర్చున్న మనిషి చూపు ఏపాటిదో అది గ్రహించి, అక్షరాలను అందుకు తగ్గట్టు దిద్దేది. చూసేవారికి ఇబ్బంది కలగకూడదన్న ఒక్క ధర్మమే దానికి నేర్పారు.

కొత్త తెర వెలిగింది. సామర్లకోట, పెద్దాపురం, తుని పిల్లల ముఖాలు వరసగా కనిపించాయి. విఠల్ గర్వంగా లేచి, కుర్చీ ఆమెకి జరిపాడు.

సుభాషిణి కళ్ళు చిట్లించింది. "పొగ కమ్మినట్టుందండీ. ఏమీ కనబడటం లేదు."

"కొత్త తెర. అద్దంలా ఉంది."

"నిజమండీ, నాకు..."

"నే చేసిన పనికి వంక పెట్టకపోతే నీకు తోచదు. మొన్న టీ అంతా గ్లాసు పక్కన పోశావు. నిన్న గుమ్మం తగిలించుకున్నావు. ఎప్పుడూ పరధ్యానమే. గుడ్డిదానిలా ఆ తడుముకోవడం ఒకటి."

"మేడమ్," అంది తెరలోంచి ఒక అమ్మాయి మెల్లగా. "మీ మైకు ఆన్‌లో ఉందండి."

మైకు ఆపడానికి సుభాషిణి వేలు తెర మీద అక్కడా ఇక్కడా తడిమింది. బొత్తం ఆ వేలి పక్కనే ఎర్రగా వెలుగుతోంది.

విఠలే చెయ్యి చాచి దాన్ని ఆపాడు. "సుభా, గోడ గడియారం చూసి టైమెంతో చెప్పు."

ఆమె చాలాసేపు చూసింది. "ఈమధ్య దాన్ని చూడటం మానేశానండీ. టైమ్ తెర మీదే ఉంటుందిగా."

"నీటికాసులు, అదే గ్లకోమా," అంది మర్నాడు పరీక్ష చేసిన కంటి డాక్టరమ్మ. "పోయిన చూపు రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ గమనించలేదా?" ఆ చివరి మాట ఆమె విఠల్‌ని చూసి అడిగింది.

అతనికి పాత తెర గుర్తొచ్చింది. చూపు తరిగినకొద్దీ అది అక్షరాలు పెంచుతూ, సుభాషిణి కంటికి ఆనే చోటికి జరుపుతూ, ఆ సంగతి ఆమెకే తెలియనివ్వలేదు. దానికైతే చెప్పే నోరు లేదు. తను మనిషై ఉండీ, ఒకే ఇంట్లో తిరుగుతూ, ఆమె తడబాటుకి పరధ్యానమని పేరు పెట్టాడు.

మరుసటి పాఠానికి, పిల్లలు రాసిన జవాబులు చదివి వినిపించడానికి ఆమె పక్కన కూర్చున్నాడు. "నమస్తే సార్," అన్నారు పిల్లలు. ఒక్కరి ముఖమూ చూడలేక తల దించుకుని మొదటి జవాబు అందుకున్నాడు.

"కాస్త గట్టిగా చదవండి. వాళ్ళకి వినబడదు," అంది సుభాషిణి.

ఆ పిల్లల ముందు మళ్ళీ గొంతు పెంచడానికి అతనికి ధైర్యం చాలలేదు. మైకు దగ్గరికి వంగి చదవసాగాడు.