హుక్కుకెక్కని కప్పు

ముందే ఒకటి ఒప్పేసుకుంటా. మా ఆఫీసుకి పిలిచిన రోజు మాత్రమే వచ్చి పనిచేసే ఒకమ్మాయి ఉండేది. ఏడాదిపాటు నా పక్క కుర్చీలోనే కూర్చుంది. ఏదైనా పనిపడితే "మా క్యాజువల్‌ని అడగండి" అనేదాన్ని. పేరు మాత్రం తెలీదు. అప్పట్లో నాకు క్యాజువల్ అంటే శుక్రవారం వేసుకునే జీన్సు, పేరు పెట్టుకోని ప్రేమ, అంతే. ఆస్ట్రేలియాలోని ఈ వాగా ఊరొచ్చి, పక్కింటి గ్లెనిస్ పర్సెల్ కథ తెలిశాక ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

జూన్ నెల, ఇక్కడ చలికాలం, మంగళవారం పొద్దున. పెరట్లో గడ్డి మంచుకి బిగుసుకుపోయి ఉంది. గ్లెనిస్ వంటింట్లో టోస్టు మీద వెన్న రాస్తోంది. డెబ్బై మూడేళ్ల మనిషి. నది అవతలి స్కూల్లో డిప్యూటీ ప్రిన్సిపాల్‌గా చేసి, రిటైరై పన్నెండేళ్లయింది. ఆ రోజుల్లో ఆరింటికల్లా ఫోను పట్టుకుని, సెలవు పెట్టిన టీచర్ల బదులు క్యాజువల్ టీచర్లని పిలవడం ఆవిడ పని. ఇప్పుడు సొంత కూతురు మెరిన్, పెళ్లితో ఇంటిపేరు డోయల్‌గా మారిన మనిషి, పదకొండేళ్లుగా అదే స్కూలు పిలుపు కోసం పొద్దున్నే ఫోను చూసుకుంటూ బతుకుతోంది.

ఆ స్కూలు స్టాఫ్ రూములో ఒక పద్ధతుంది. పర్మనెంట్ వాళ్ల కప్పులు పేర్లతో హుక్కులకి వేలాడతాయి. క్యాజువల్ వాళ్లు సింకు కింద ఉండే అంచులు విరిగిన కప్పుల్లో తాగాలి. రిటైరైన రోజు గ్లెనిస్ తన కప్పుతోపాటు హుక్కునీ ఊడదీసి తెచ్చుకుని వంటింటి గోడకి కొట్టించింది. మెరిన్ చేరిన కొత్తలోనే, పర్మనెంటయిన రోజున వాడుకుందామని కొనుక్కున్న కప్పు డబ్బా విప్పకుండానే అలమారలో ఉంది. ఒకసారి అది బయటికి తీయబోతే, "ముందు ఉద్యోగం రానీ, తరవాత హుక్కు కొట్టుకుందువు గాని" అంది తల్లి.

టేబుల్ మీద మెరిన్ ఫోను టింగుమంది. "ఈరోజు నాలుగో తరగతికి రాగలరా?" మెరిన్ స్నానంలో ఉంది. రెండుసార్లు రానన్నవాళ్లకి మూడోసారి పిలుపు ఉండదని గ్లెనిస్‌కి తెలిసినంతగా ఎవరికి తెలుసు? "వస్తాను" అని నొక్కేసింది.

పదినిమిషాల్లో మెరిన్ బయటికొచ్చింది, ఇస్త్రీ చేసిన నీలం కోటులో.

"ఏమిటే ఆ వేషం? నాలుగో తరగతి పిల్లల ముక్కులు తుడవడానికి కోటెందుకు?"

"నాలుగో తరగతేంటి?"

"మెసేజ్ వచ్చింది. వస్తానని కొట్టేశా. నువ్వు ఆ షవర్ కింద కాపురం పెట్టావుగా."

మెరిన్ కుర్చీ పట్టుకుంది. "అమ్మా, తొమ్మిదిన్నరకి జూనీ ఊరి స్కూల్లో ఇంటర్వ్యూ. పర్మనెంట్ పోస్టు."

"చెప్పి ఏడవొచ్చుగా!"

"ఇంతకుముందు నాలుగు ఇంటర్వ్యూలకీ చెప్పాను. మొదటిసారి 'గతిలేకపోతే తీసుకుంటార్లే' అన్నావు. పోయినసారి నేను గుమ్మం దాటకముందే పిన్నికి ఫోన్ చేసి, 'మధ్యాహ్నానికి ఏడుస్తూ వస్తుంది చూడు' అన్నావు. విన్నాను."

"వచ్చావుగా మరి!"

మెరిన్ టేబుల్ మీది ఫోను లాక్కుని స్కూలుకి ఫోన్ చేసింది. వస్తానని రాకపోతే లిస్టులోంచి పేరు తీసేస్తామన్నారు. వారంలో నాలుగు రోజులు పని ఇచ్చే స్కూలు అదొక్కటే. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "నేను జూనీకే వెళ్తున్నానండీ" అని పెట్టేసింది.

"ఉండవే, నేను వెళ్లి చెప్తా. అది నా స్కూలు."

మెరిన్ కారు వెళ్లిపోయింది. గ్లెనిస్ స్కూలుకి బయల్దేరింది.

స్కూలు ఆఫీసులో కెల్సీ అనే పాతికేళ్ల అమ్మాయి కంప్యూటర్‌లోంచి తలెత్తింది.

"మెరిన్ డోయల్ వాళ్లమ్మని. ఆ మెసేజ్ నొక్కింది నేను తల్లీ, అది కాదు."

"ఎవరు నొక్కినా ఒకటేనండీ. అక్కడ పిల్లలు టీచర్ లేకుండా కూర్చున్నారు."

"ఒక్కసారికి వదిలెయ్యమ్మా. పదకొండేళ్లలో ఒక్కరోజు ఎగ్గొట్టింది కాదు."

"నా చేతిలో ఏముందండీ? అదిగో, గోడ మీదే ఉంది."

ప్లాస్టిక్ తొడిగిన కాగితం, పసుపెక్కిపోయింది. 'వస్తానని చెప్పి రాని క్యాజువల్ పేరు కొట్టివేయబడును. కారణాలు వినబడవు.' కింద సంతకం: జి. పర్సెల్.

"మేం దీన్ని పర్సెల్ రూలంటాం" అంది కెల్సీ నవ్వుతూ. "ఆ మహాతల్లి ఎవరో గానీ మాకు తలనొప్పి లేకుండా చేసింది. ఇంతకీ మీ పేరు? మీరొచ్చారని రాసుకుంటాను."

గ్లెనిస్ ఆ సంతకం మీంచి చూపు తిప్పుకుంది. "పేరెందుకులే" అంది. "క్యాజువల్ వాళ్లమ్మ అని రాసుకో."

శుక్రవారం సాయంత్రం జూనీ నుంచి ఫోన్. పోస్టు ఇరవయ్యారేళ్ల కుర్రాడికి ఇచ్చారట. ఇక్కడ లిస్టులో పేరు లేదు, అక్కడ ఉద్యోగం లేదు. మెరిన్ ఏడవలేదు. అదే చూసి గ్లెనిస్‌కి భయమేసింది.

"ఆ రూలు నేనే రాశానే" అంది గ్లెనిస్, బల్ల వంక చూస్తూ.

"తెలుసు. పదకొండేళ్లుగా దాని కిందే నిలబడి సంతకం పెడుతున్నా."

"తెలిసీ ఒక్క మాటనలేదేం?"

"అంటే వింటావా? కారణాలు వినబడవుగా."

గ్లెనిస్ చేతిలో చెంచా బల్ల మీద పెట్టేసింది.

"ఎంతమందిని కొట్టేశావమ్మా?"

"పదిహేనో... ఇరవయ్యో."

"ఒక్క పేరు చెప్పు."

గ్లెనిస్ నోరు తెరిచింది. "ఒకావిడ... వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉందని ఫోన్లో ఏడ్చింది. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. పేరు..." మళ్లీ మొదలుపెట్టింది. "పేరు..." ఎంత తవ్వినా రాలేదు. ఎర్రసిరాతో గీసిన గీత గుర్తుంది, గీత కింద ఏముందో గుర్తులేదు. డెబ్బై మూడేళ్ల ముసలామె, ఉతికిన గుడ్డని పిండినట్టు, మెలితిరిగి ఏడ్చింది.

మెరిన్ దగ్గరికి తీసుకోలేదు. లేచి టీకి నీళ్లు పెట్టింది.

కాసేపటికి గ్లెనిస్ లేచి, గోడ మీది తన కప్పు తీసి సింకు కింద, అంచు విరిగిన పాత కప్పు పక్కన పెట్టింది. అలమారలోంచి డబ్బా తీసి, చుట్టిన కాగితం విప్పి, మెరిన్ కప్పుని హుక్కుకి తగిలించింది.

మెరిన్ దాన్ని తీసి తల్లి చేతికిచ్చింది.

"కడిగి పెట్టమ్మా" అంది. "పదకొండేళ్ల దుమ్ము."

గ్లెనిస్ కడిగి తెచ్చింది. మెరిన్ రెండు టీలు పోసింది. ఒకటి కొత్త కప్పులో, ఒకటి అంచు విరిగిన దాంట్లో. ఆ విరిగినది గ్లెనిస్ తనే అందుకుంది.

మీ ఇంట్లోనో, ఆఫీసులోనో పేరడక్కుండా పని చేయించుకున్న మనిషి ఎవరైనా ఉన్నారా? కింద రాయండి. పేరు గుర్తుంటే పేరుతో రాయండి, లేకపోతే లేదనే రాయండి. నా పక్క కుర్చీ అమ్మాయి పేరు నేనింకా వెతుకుతూనే ఉన్నా.