నోరు తెరవని సిపాయి

చిత్రపురి కోటగుమ్మం దగ్గర దండోరా మోగేసరికి చెంగలువ చేతిలో ఉలి ఆగిపోయింది. తప్పిపోయిన మొదటి సిపాయి దొరికాడట. కేదారి రాక్షసుణ్ణి ఒప్పించి వెనక్కి తెచ్చాడట. ఊరంతా బెల్లం పంచుకుంటోంది. చెంగలువ ఒళ్లోని చెక్కపొట్టు దులుపుకుని, ఆరేళ్ల చెల్లెలు పొన్నారిని చంకనెత్తుకుని, చెప్పులు కూడా మరిచి పరుగెత్తింది.

ఆ పరుగుకు కారణముంది. చిత్రపురిలో ప్రతి ఇంటా కొయ్య సిపాయిల వరుస ఉంటుంది. తాతలు దాచినవి మనవలకు వస్తాయి. అక్కడి వడ్రంగులు సిపాయి పెదవులను ఎప్పుడూ మూసే చెక్కుతారు. బొమ్మ చేతికొచ్చిన రోజున దాని తరఫున మొదటి మాట బిడ్డే చెప్పాలి. దాన్ని ‘గొంతు ఇవ్వడం’ అంటారు. అన్నిటికన్నా ముందు చెక్కిన మొదటి సిపాయి ఏడాది కిందట మాయమయ్యాడు. రాక్షసుడు ఎత్తుకుపోయాడన్నారు. ఆనాటి నుంచి ఊళ్లో ఏ బిడ్డకూ మాట లేదు. పొన్నారి అన్నం కూడా సైగ చేసే అడుగుతోంది.

కేదారి పరాయివాడు కాడు. చెంగలువ తండ్రి మల్లాచారి దగ్గర పని నేర్చి, ఆ ఇంటి అన్నమే తిని పెరిగాడు. తండ్రి పోయాక ఆమెకు అన్నయినా, అండయినా అతనే. శిష్యుడికి ఉలి అప్పగించే రోజున మొదటి సిపాయిని దాచిన చోటు చెప్పడం వాళ్ల ఆచారం. తండ్రికి బదులుగా ఆ మాట అతని చెవిన వేసింది చెంగలువే.

రాజుగారి సభలో కేదారి బొమ్మను కిందికి దించాడు. అది నాలుగడుగులు నడిచి, వందనం చేసి, “మహారాజా, ఏం సెలవు?” అంది. సభ చప్పట్లతో దద్దరిల్లింది. పిల్లలు మాత్రం గుడ్లప్పగించి చూశారు. ఒక్కరూ పెదవి కదపలేదు.

“నాలుగు రోజులు ఆగు చెల్లీ, మాటలు అవే వస్తాయి,” అన్నాడు కేదారి. ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

మూసిన పెదవుల సిపాయి తనంతట తాను మాట్లాడడంతో, అది అసలువాడు కాదని చెంగలువకు తోచింది. మర్నాడే రొట్టెల మూట కట్టుకుని, అసలువాణ్ణి వెతుకుతూ అడవిబాట పట్టింది. అడవి మొదట్లో ఈతచాప అల్లుతున్న ముని ఒకాయన కనిపించాడు. మాట్లాడే బొమ్మలు రేపటి లోయలో పుడతాయనీ, వెయ్యేళ్ల తర్వాత లోకంలో జరగబోయేది అక్కడ ముందే జరుగుతుందనీ చెప్పి, దారి చూపించాడు.

నడి అడవిలో గాజుకళ్ల పులి అడ్డం పడింది. “నీ దగ్గర ఎంతమంది సిపాయిలున్నారు?” అంది.

“పదకొండు మంది. ఒకడి చెవి కుక్క కొరికేసింది. ఇంకొకడు మా అమ్మమ్మతో పాటు పల్లకీలో అత్తారింటికి వచ్చాడు. మూడోవాడికి ఉరుమంటే భయం...”

పులి ఆవులించి పక్కకు తప్పుకుంది. “లోయవాళ్లు లక్షమంది ఉన్నారంటారు, ఒక్కడి కథా చెప్పలేరు. వాళ్లయితే తినేదాన్ని. నీ కథలకు నా ఆకలి చచ్చింది, పో.”

రేపటి లోయ చూస్తే ఎవరికైనా మతి పోవాల్సిందే. ఉంగరం రుద్దితే చాలు, వెలుగుతో చేసిన పటాలాలు గాలిలో బారులు తీరుతున్నాయి. విరిగిన కాలు రెప్పపాటులో మళ్లీ మొలుస్తోంది. ఒక వెలుగు సిపాయి చెంగలువ గోరు మీదికెక్కి తుమ్మాడు. ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు తప్ప లోయలో ఇంకో నవ్వు లేదని అప్పుడు తెలిసింది. సిపాయిలే పోట్లాడుకుంటున్నారు, సిపాయిలే కబుర్లాడుకుంటున్నారు. పిల్లలు వెల్లకిలా పడుకుని చూస్తున్నారు.

లోయనేలే యంత్రాసురుణ్ణి ఆమె నిలదీసింది. మా సిపాయిని ఎందుకు దొంగిలించావని అడిగింది. అతను ఆశ్చర్యపోయాడు.

“దొంగతనమా? ఎవరమ్మా చెప్పింది? మీ కేదారే తెచ్చి నా చేతిలో పెట్టాడు. బదులుగా నకళ్లు తీసే పెట్టె అడిగాడు. చెక్కి చెక్కి వేళ్లు అరిగిపోయాయన్నాడు.”

 రాక్షసుడి మీద చెంగలువ పెంచుకున్న కోపానికి నిలిచే చోటు లేకుండా పోయింది. ఆ రహస్యం చెప్పిన నోరు తనదే. పెదవులు బిగించుకుంది. ఏడిస్తే అన్నీ బయటికి వచ్చేస్తాయి.

రాక్షసుడు చిటికె వేశాడు. వెయ్యిమంది సిపాయిలు బారు తీరారు. గీతకు గీత, మరకకు మరక, అందరూ ఒక్కలాగే ఉన్నారు. “ఒకే దెబ్బలో నీవాణ్ణి పట్టుకుంటే తీసుకుపో. తప్పితే ఈ బారులో చివరి బొమ్మవు నువ్వే,” అన్నాడు.

చెంగలువ మోకాళ్ల మీద కూర్చుని, “నాయనా, నీ పేరేమిటి?” అని మెల్లగా అడిగింది.

“మొదటి సిపాయి!” అని తొమ్మిదివందల తొంభైతొమ్మిది గొంతులు ఒక్కసారి పలికాయి. మూడో బారులో ఒకడు మాత్రం పలకలేదు. ఆమె వాణ్ణే ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. రాక్షసుడు మాట తప్పలేదు.

ఇల్లు చేరి బొమ్మను పొన్నారి చేతిలో పెట్టింది. పొన్నారి దాని మూసిన పెదవులకేసి కాసేపు చూసింది. తర్వాత గొంతు బొంగురు చేసి, “దాహంగా ఉంది,” అంది. సాయంత్రానికి ఊళ్లో పిల్లల గోలకు కాకులు లేచిపోయాయి.

సభలో కేదారి తల దించుకున్నాడు. “ఊరికి మేలే అనుకున్నాను చెల్లీ.”

“వేళ్లు నొప్పి పుడితే నాతో చెప్పాల్సింది, అన్నా. ఉలి నేను పట్టేదాన్ని.” అంతే, ఆమె మరి మాట్లాడలేదు.

ఏ శిక్ష వెయ్యమంటావని రాజు అడిగినా తల ఎత్తలేదు. అప్పుడు రాజు మొదటి సిపాయినే తీర్పు చెప్పమన్నాడు. పొన్నారి బొమ్మను బుగ్గకు ఆనించుకుని, సిపాయి తరఫున గొంతు బొంగురు చేసింది.

“రేపు పొద్దున్నే ఆ నకళ్ల పెట్టెను ఖాళీ చేసి చెక్కపొట్టు పోసుకుందాం. కేదారి పనిపాకలో కూర్చుని, ఊళ్లో ఎంతమంది పిల్లలుంటే అంతమంది సిపాయిలను చేత్తో చెక్కాలి. అక్క పక్కనే కూర్చుని చూస్తుంది.” సిపాయి కాసేపు ఆలోచించాడు. “కానీ మాట్లాడదు. ఆఖరి సిపాయి అయ్యేదాకా.”